సొమ్మొకరిది, సోకొకరిది

ఆగస్టు 15 దగ్గర పడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇదీ: పిడికెడు మంది ఇంగ్లిషువాళ్ళు ధైర్యసాహసాలతో ఇంత దేశాన్ని గెలిచారు, సొంత డబ్బు పోసి రైళ్ళు వేశారు, చదువూ చట్టమూ నేర్పారు, కాటన్ దొర ఆనకట్ట కట్టి అన్నం పెట్టాడు, వాళ్ళు రాకపోతే మనం ఇంకా ఎడ్లబండ్ల మీదే తిరుగుతుండేవాళ్ళం. దీన్ని పంపేవాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ. కాబట్టి ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

ముందు ‘ధైర్యంతో గెలిచారు’ అన్న మాట. యుద్ధాలు జరగలేదని కాదు. 1758లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళను ఓడించారు, 1794లో పద్మనాభం దగ్గర విజయనగరం రాజును చంపారు. కానీ తెలుగు నేలలో చాలా భాగం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది కాగితం మీద. ఉత్తర సర్కార్ల కోసం, అంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న కోస్తా నేల కోసం, 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని, ఏటా పేష్కష్ (కప్పం) కడతామన్నారు. అంటే దాదాపు కౌలుకు తీసుకున్నట్టు. తర్వాత సైన్య సహకార పద్ధతి వచ్చింది. ‘మీ రక్షణకు మా పటాలం మీ దగ్గరే ఉంటుంది, జీతాలు మాత్రం మీరివ్వాలి’ అన్నది దాని సారం. 1798లో నిజాం ఒప్పుకున్నాడు. రెండేళ్ళకే ఆ ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం రాసిచ్చేశాడు. ఇవాళ మనం రాయలసీమ అంటున్న ప్రాంతంలో చాలా భాగం అలా చేతులు మారింది. మన వేలితో మన కన్నే పొడవడం అంటే ఇదే.

అక్కడితో ఆగినా బాగుండేది. హైదరాబాదులో మరో పటాలం పెంచారు. అధికారులు తెల్లవాళ్ళు, పెత్తనం రెసిడెంటుది (నిజాం దగ్గర ఉండే కంపెనీ ప్రతినిధిది), జీతాలు నిజాం ఖజానావి. ఖజానాలో డబ్బు లేకపోతే అప్పివ్వడానికి పామర్ అండ్ కంపెనీ అనే వడ్డీ దుకాణం సిద్ధంగా ఉండేది. ఇంగ్లిషువాళ్ళు దేశీయ రాజులకు అప్పులివ్వకూడదని చట్టం ఉన్నా, 1816లో ఈ దుకాణానికి ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చారు. అందులో భాగస్వామి రంబోల్డ్ పెళ్ళాడింది గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఇంట పెరిగిన అమ్మాయిని. వడ్డీ నూటికి పాతిక దాకా పోయేది. 1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫ్‌కు ఆ పద్దులు చూసి కడుపు మండింది (ఆయనా కంపెనీ మనిషే). చివరికి 1823లో ఆ అప్పు ఎలా తీరిందో తెలుసా? సర్కార్ల కోసం కంపెనీ నిజాంకు ఏటా కట్టాల్సిన 7 లక్షల పేష్కష్‌ను శాశ్వతంగా రద్దు చేసుకుని, దానికి బదులు ఒకేసారి లెక్కగట్టిన సుమారు 1 కోటి 16 లక్షల రూపాయలతో పామర్ బాకీ తీర్చారు. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న నేల మీద రావలసిన బాడుగ ఒక వడ్డీ వ్యాపారి పద్దులో కలిసిపోయింది. ఆ పటాలం జీతాల బాకీ మళ్ళీ పెరిగితే 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ నిజాం చేతిలోని బేరార్‌ను (ఇప్పటి మహారాష్ట్రలోని ప్రాంతం) కూడా పట్టుకున్నాడు. నిజాములేమీ ఉత్తములు కాదు, వాళ్ళ దుబారా వాళ్ళకుంది. కానీ దీన్ని ‘సాహసం’ అనడానికి మాత్రం నోరు రాదు.

రెండోది రైళ్ళు. వేసింది లండన్ కంపెనీలే, పెట్టుబడీ అక్కడిదే, నిజం. ఆ పెట్టుబడికి ఏటా 5 శాతం రాబడి గ్యారంటీ. రైలు నష్టపోతే ఆ తేడా భారత ప్రభుత్వం కట్టాలి, అంటే ఇక్కడి రైతు శిస్తులోంచి. లాభం వచ్చినా రాకపోయినా తన 5 శాతం తనకు దక్కేటప్పుడు ఖర్చు తగ్గించాలనే టెన్షన్ ఏ వాటాదారుడికి ఉంటుంది? ఇక్కడ వైస్రాయ్ కౌన్సిల్లో ఆర్థిక సభ్యుడిగా పనిచేసిన విలియం మాసీయే 1872లో పార్లమెంటు కమిటీ ముందు ఇదే చెప్పాడు: తన వడ్డీ తనకు ఖాయమైతే, ఆ సొమ్మును హుగ్లీ నదిలో పారేశారా, ఇటుకా సున్నంగా మార్చారా అన్నది ఇంగ్లిషు పెట్టుబడిదారుడికి పట్టదని. ఇంజన్లూ దాదాపు అన్నీ అక్కడి నుంచే తెచ్చారు.

హైదరాబాదుది మరీ విడ్డూరం. వాడి–సికింద్రాబాద్ లైను 1874లో నిజాం డబ్బుతోనే నడక మొదలుపెట్టింది. 1883లో దాన్ని లండన్ కంపెనీకి అప్పజెప్పి, చాందా (ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్) దాకా పొడిగించాలని, రాబడికి నిజాం ప్రభుత్వమే గ్యారంటీ ఉండేలా బేరం కుదిర్చారు. షరతులు జనానికి చెప్పండి, చర్చ జరగనివ్వండి అని కొందరు సభలు పెట్టి అడిగారు. అందులో ముందున్న అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడి తండ్రిని, సంస్థానం నుంచి వెళ్ళగొట్టారు. ఉచితంగా ఇచ్చే బహుమతి గురించి ప్రశ్న అడిగితే ఊరు వెళ్ళగొడతారా?

చదువు సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వాళ్ళు వెళ్ళేనాటికి నూటికి 80 మందికి పైగా చదవడం రాయడం రానివాళ్ళే. అయితే ఈ ఫార్వర్డ్‌కు జవాబుగా మనవాళ్ళు పంపే ‘మెకాలే పార్లమెంటు ప్రసంగం’ కూడా బూటకమే. దేశంలో ఒక్క బిచ్చగాడు కూడా కనిపించలేదన్నట్టు, 1835 ఫిబ్రవరి 2 తేదీతో తిరిగేది. ఆ రోజున మెకాలే ఉన్నది లండన్‌లో కాదు, కలకత్తాలో. అదే తేదీతో ఆయన రాసిన నివేదిక ఉంది గానీ అందులో ఈ మాటలు లేవు. అబద్ధానికి అబద్ధం జవాబు కాదు.

ఇక కాటన్. గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహం ఉందంటే ఊరికే లేదు, ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. ప్రశ్నల్లా ఆయన పైవాళ్ళ గురించి. ధవళేశ్వరం పని మొదలైంది 1847లో, అంటే సర్కార్లు కంపెనీకి దక్కిన 80 ఏళ్ళకు. మధ్యలో 1832–33లో డొక్కల కరువు వచ్చి, ఒక్క గుంటూరు జిల్లాలోనే 5 లక్షల మందిలో సుమారు 2 లక్షల మంది పోయారు. జనం చచ్చి, ఊళ్ళు ఖాళీ అయి, శిస్తు పడిపోయాక గానీ కంపెనీ ఖజానా తెరుచుకోలేదు. ఆనకట్ట కట్టాక శిస్తు కొన్ని రెట్లు పెరిగింది. పెట్టిన ఖర్చు అంతకంత రాబట్టుకున్నారు.

గోదావరికి దక్కింది సీమకు దక్కలేదు. 1876–78 కరువు నాటికి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు పట్టాలు పడి కొన్నేళ్ళయింది. అయినా కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. సహాయ పనుల్లో ఖర్చు తగ్గించడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్, రోజంతా రాళ్ళు కొట్టే మగమనిషికి ఖరారు చేసిన కూలి ఎంత? ఒక పౌను, అంటే 450 గ్రాముల ధాన్యం కొనుక్కునేంత డబ్బు, దానిమీద ఒక అణా. ఇంతతో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ మొత్తుకున్నాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం ఆ కొలతను వదిలేసింది. ఆ కరువేళ్ళలోనే దేశంలోని రేవుల నుంచి గోధుమలు ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి.

ఆ రోజుల్లో, ఈ దేశానికి ముందు కావలసింది నీళ్ళు, రైళ్ళ మీద పోసే డబ్బు కాలువల మీద పెట్టండి అని వాదించి, 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి ప్రశ్నలు ఎదుర్కొన్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన పేరు ఆర్థర్ కాటన్. ఒకే మెసేజ్‌లో రైళ్ళనూ కాటన్‌నూ కలిపి పొగిడితే మొదట అభ్యంతరం చెప్పేది ఆయనే.