లాలి తరువాత హారతి

తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అని తిరుమలలో నానుడి. రాత్రి ఏకాంత సేవలో స్వామికి అన్నమయ్య లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. లాలికి మన ఇళ్లలో ఎన్ని ఆల్బములున్నాయో లెక్కలేదు. హారతి ఇచ్చినామె పేరు మాత్రం మనలో చాలామందికి కొండ మీద అన్నప్రసాద భవనం బోర్డు చూస్తేనే గుర్తొస్తుంది.

తిరుపతి కుర్రాళ్లు కొందరు వెంగమాంబ యక్షగానాలతో, అంటే ఆడిపాడే నాటకాలతో, ప్రయోగాత్మక జానపద ఆల్బం చేస్తామని మన సంఘం సాయం అడిగారు. ‘దేవుడి పాటలతో ప్రయోగాలా?’ అన్నారు పెద్దలు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. వెంగమాంబ (1730–1817) చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, వితంతువుకు లోకం పెట్టిన కట్టుబాట్లను కాదని కొండ చేరిన మనిషి. ఆమె చెంచు నాటకం, శివ నాటకం రాసింది ఆడిపాడడానికే. భాగవతాన్ని సైతం ద్విపదలో, అంటే రెండేసి పాదాలుగా నడిచే ఛందస్సులో పెట్టింది. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. రెండు పాదాలు నోటికి వస్తే చెయ్యి దానంతటదే తాళం వేస్తుంది.

నా భయం వేరే ఉంది. మా చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్లలో భారతం తిరునాళ్లు జరిగేటప్పుడు అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కుతూ పద్యాలు పాడతాడు. చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. సగం ఎక్కేసరికి ఆయనకు ఆయాసం, గొంతు బొంగురు. కింద హార్మోనియం ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆ స్వరాన్నే పట్టుకుని ఉండేది. పైనుంచి నిమ్మకాయలు విసిరితే ఆడవాళ్లు కొంగులు పట్టేవారు. ఆ బొంగురును స్టూడియోలో శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే మిగిలేది లిఫ్టులో వినిపించే సంగీతమే. గిటారు పెట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆయాసాన్ని మాత్రం కత్తిరించకండి.

అందుకని సంఘం డబ్బివ్వాలి, షరతు పెట్టి మరీ ఇవ్వాలి. పాడేవారిలో సగం మందైనా వీధినాటకం ఆడేవారే కావాలి. అట్ట మీద ముందు వారి పేర్లుండాలి. పారితోషికం పాడిన రోజే చేతికందాలి. గిటారు అబ్బాయి రెండు నెలలు ఆగగలడు. తిరునాళ్లు అయిపోతే అర్జునుడు మర్నాడే కూలికి వెళ్లాలి.