ఏడో ఏట ఏం తినాలి?

బైబిల్లోని లేవీయకాండం 25వ అధ్యాయంలో రైతు అడగబోయే ప్రశ్న ముందే రాసి ఉంది. విత్తకపోతే, కోయకపోతే ఏడో ఏట మేం ఏం తినాలి? ఆరేళ్లు సాగు చేసిన భూమిని ఏడో ఏడు బీడుగా వదలమన్న ఆజ్ఞ వెంట వచ్చిన ప్రశ్న ఇది. అడిగినవాణ్ణి ఎవరూ గద్దించలేదు. ఆరో ఏట మూడేళ్లకు సరిపడా పంట పండిస్తానన్న దేవుడి మాటే జవాబుగా వచ్చింది. రైతు భయాన్ని భయంగానే గుర్తించిన ఈ చోటే నాకు ఆ ఆజ్ఞ మీద గౌరవం కలిగింది.

యూదులు దీన్ని షెమిటా అంటారు. వదిలివేయడం అని ఆ మాటకు అర్థం. ఈమధ్య దీన్ని ప్రాచీన కాలపు నేల సంరక్షణ పద్ధతిగా మెచ్చుకోవడం ఎక్కువైంది. బీడు పెడితే నేల బలం పుంజుకుంటుందని 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడెస్ కూడా రాశాడు. అది నిజమే. కానీ నేల బాగే అసలు ఉద్దేశమైతే దేశమంతా ఒకే ఏడు నాగళ్లు ఆపడం ఎందుకు? ఏటా ఒక చెక్కను బీడు పెట్టి మిగతాది దున్నుకుంటే సరిపోతుంది. ఒకేసారి అందరూ ఆపితే గాదెలు ఖాళీ అవుతాయి. క్రీ.పూ. 2వ శతాబ్దంలో సిరియానేలిన గ్రీకు రాజుల సెల్యూసిడ్ సేన యూదయలోని బేత్సూరు అనే కోట ఊరిని ముట్టడించినప్పుడు అది ఏడో ఏడు. లోపల తిండి లేక ఊరివాళ్లు లొంగిపోయారని మక్కబీయుల మొదటి గ్రంథం చెబుతుంది.

అసలు కారణం ఆ అధ్యాయంలోనే 23వ వచనంలో ఉంది. భూమి నాది, మీరు నా దగ్గర ఉంటున్న పరదేశులు అంటాడు దేవుడు. కాబట్టి దుక్కి మానడం సగం పనే. ఆ ఏడు తనంతట తాను మొలిచినదాన్ని పేదలు తినాలి, వాళ్లు తినగా మిగిలింది అడవి జంతువులు తినాలి అంటుంది నిర్గమకాండం. అంటే కంచె తెరవాలి. నా దృష్టిలో విశ్వాసానికి పరీక్ష అక్కడ ఉంది. ఖాళీ చేను చూసి ఓర్చుకోగల రైతుకు కూడా, తన అత్తి చెట్టు కింద ఎవరో బుట్ట నింపుకుంటుంటే ఓర్చుకోవడం కష్టం.

యూదు మత గురువులైన రబ్బీలు దీన్ని ఇంటి లోపలిదాకా తెచ్చారు. ఒక రకం పండు పొలాల్లో జంతువులకు దొరకకుండా అయిపోయిన రోజున, ఇంట్లో దాచుకున్నదాన్ని కూడా బయట పెట్టాలి. నక్కకు లేనిది యజమాని గాదెలోనూ ఉండకూడదన్నమాట. ఇప్పటికీ ఇజ్రాయెల్‌లో నిష్ఠగల ఇళ్లలో ఆ ఏటి నారింజ తొక్కలను చెత్తబుట్టలో వేయరు. వేరే సంచిలో పెట్టి, అవి కుళ్లిన తరువాతే పారేస్తారు. ఆ పంట పవిత్రం మరి.

అయితే ఈ భారం మోయలేకపోయిన చరిత్ర కూడా ఉంది. ద్వితీయోపదేశకాండం ప్రకారం ఏడో ఏట అప్పులు కూడా రద్దు కావాలి. దాంతో డబ్బున్నవాళ్లు అప్పివ్వడం మానేస్తుంటే, పేదవాడికి అప్పు పుట్టాలని ప్రాచీన యూదు పండితుడు హిల్లేలు ఒక మార్గం చూపాడు. ఒక పత్రం రాసి అప్పును న్యాయస్థానానికి అప్పగిస్తే అది రద్దు కాదు. 1889లో, పాలస్తీనాకు కొత్తగా వలస వచ్చిన యూదు రైతులు ఏడాది పస్తులుండలేరని, ఆ ఏటికి భూమిని యూదేతరులకు అమ్మినట్టు రాసుకుని సాగు చేయవచ్చని కొందరు రబ్బీలు అనుమతించారు. అందరూ ఒప్పుకోలేదు, ఆ వాదం నేటికీ తెగలేదు. దీన్ని మోసం అనడానికి నాకు మనసు రాదు. ఆకలితో ఉన్న రైతు ముందు నిలబడి ఆ రబ్బీలు తీర్పు చెప్పవలసి వచ్చింది.

మన చర్చిల్లో ఈ అధ్యాయం మీద ప్రసంగించేవారు ఆరో ఏటి మూడింతల దీవెన దగ్గర ఆగిపోకూడదని నా విన్నపం. వినేవాళ్లలో కౌలు రైతులుంటారు. చేను బీడు పెట్టినా వాళ్లు కౌలు కట్టాలి. మోషే ధర్మశాస్త్రం ఒక్క రైతును ఒంటరిగా నమ్మమనలేదు. భూమి, అప్పు, కంచె, అన్నీ ఒకే ఏడు వదలమని ఊరందరికీ చెప్పింది.

2021 సెప్టెంబరులో మొదలైన షెమిటా ఏట ఇజ్రాయెల్‌లో కొందరు రైతులు సాగు పూర్తిగా ఆపి, ఈ పొలం ఏడో ఏటి నియమం పాటిస్తోందని గట్ల మీద బోర్డులు పెట్టారు. వాళ్ల ఖర్చుల కోసం దేశ విదేశాల్లోని యూదులు చందాలు పంపారు. తరువాతి ఏడో ఏడు 2028 సెప్టెంబరులో మొదలవుతుంది.